అక్యూట్ లుకేమియాకు ఇమ్యునోథెరపీ చేయించాలంటే: రిపోర్టు చూసుకోవడం మొదలు ఇంటికి తిరిగి వచ్చేదాకా

“మా పిల్లగానికి కీమో అయిపోయింది, మళ్ల కణాలు కనవడ్డయన్నరు, ఇమ్యునోథెరపీ ఇప్పియ్యుమంటున్నరు, యాడికి పోవాలె, ఎంతయితది?” హనుమకొండ, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు అక్యూట్ లుకేమియా, అంటే వేగంగా ముదిరే రక్తక్యాన్సర్, ఉన్నవారి ఇళ్ల నుంచి ఈ ప్రశ్న దాదాపు ఇవే మాటలతో మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి, జవాబును ఒకచోట వరుసగా రాయడం మేలనిపించింది. అడిగేవారు సాధారణంగా డబ్బుతో మొదలుపెడతారు. పొలం అమ్మాలా, అప్పు తేవాలా అన్నదే వారిని ముందుగా నలిపేసే ఆలోచన. అయితే పైసా ఖర్చు పెట్టకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: రోగి క్యాన్సర్ కణాల మీద, ఆ మందు పట్టుకోగల గుర్తు ఉందా, లేదా? ఆ గుర్తు లేకపోతే ఎంత ఖరీదైన మందైనా పని చేయదు. మందుల ఎంపిక, మోతాదు మీ హెమటాలజిస్టు (రక్తవ్యాధుల నిపుణుడు) నిర్ణయిస్తారు; ఇక్కడ రాసినది కుటుంబం తన వంతుగా చేయవలసిన పని.

సూత్రం క్లుప్తంగా ఇది. కీమో మందులు వేగంగా పెరిగే కణాలను, మంచివాటినీ చెడ్డవాటినీ కలిపి, దెబ్బతీస్తాయి. ఇమ్యునోథెరపీ మాత్రం రోగి సొంత టీ-కణాలనో (రోగనిరోధక తెల్లరక్తకణాలనో), ప్రయోగశాలలో తయారైన యాంటీబాడీనో క్యాన్సర్ కణం పైపొర మీద ఉండే ఒక నిర్దిష్టమైన ప్రోటీను మీదికి నడిపిస్తుంది. బి-రకం లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో (బి-ఏఎల్ఎల్‌లో) అలాంటి ప్రోటీన్లు ముఖ్యంగా సీడీ19, సీడీ22, సీడీ20. మైలాయిడ్ రకంలో (ఏఎంఎల్‌లో) సీడీ33.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- జబ్బు మొదట బయటపడినప్పటి బోన్ మ్యారో (ఎముక మజ్జ), ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తులను చూసే పరీక్ష), జన్యు పరీక్షల రిపోర్టులు. ఇవి పోగొట్టుకున్నవారు పాత ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో రాతపూర్వకంగా అడిగి నకళ్లు తీసుకోవాలి.
- ఏ కీమో, ఏ తేదీన ఇచ్చారో తెలిపే డిశ్చార్జ్ సమ్మరీలు అన్నీ.
- ఇటీవలి బోన్ మ్యారో రిపోర్టు, ఎంఆర్‌డీ (చికిత్స తరువాత కొద్దిగా మిగిలిన జబ్బును వెతికే పరీక్ష) రిపోర్టు.
- హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ పరీక్షల ఫలితాలు.
- రోగి ఆధార్, కుటుంబ రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా పత్రం. వీటన్నిటికీ మూడు జిరాక్స్ సెట్లు.
- డిజిటల్ థర్మామీటరు, గీతల నోటుబుక్కు, పెన్ను. నోటుబుక్కు ఎందుకో ఏడో దశలో తెలుస్తుంది. అది ఈ జాబితాలో అన్నిటికంటే చవకైనది, అంతే ముఖ్యమైనది.
- వంతులవారీగా ఉండగల ఇద్దరు అటెండెంట్లు. ఒక్కరే వారాల తరబడి మేలుకుని ఉండటం జరిగే పని కాదు.

1. లుకేమియా ఏ రకమో, కణం మీద ఏ గుర్తుందో రిపోర్టులో చూడండి

“బ్లడ్ క్యాన్సర్” అన్న మాట ఇక్కడ సరిపోదు. ఫ్లో సైటోమెట్రీ రిపోర్టు చివరి పేజీలో నిర్ధారణ వాక్యం ఉంటుంది. అందులో బి-ఏఎల్ఎల్ అని ఉందా, టి-ఏఎల్ఎల్ (టి-రకం లింఫోబ్లాస్టిక్) అని ఉందా, ఏఎంఎల్ అని ఉందా చూడండి. దాని పైన ఉండే పట్టికలో సీడీ19, సీడీ22, సీడీ20 ఎదురుగా పాజిటివ్ అని ఉందో, నెగటివ్ అని ఉందో, కొద్ది కణాల్లోనే ఉన్నట్టు రాశారో గమనించి, ఆ వరుసలను నోటుబుక్కులో ఎక్కించుకోండి.

టి-ఏఎల్ఎల్ అయితే సీడీ19 మీద పని చేసే మందులు రోగికి ఉపయోగపడవు. ఏఎంఎల్ అయినా అంతే. ఆ రకానికి కార్-టి (రోగి టీ-కణాలకు జన్యుమార్పు చేసి తిరిగి ఎక్కించే) చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఏఎంఎల్‌లోనే ప్రోమైలోసైటిక్ అనే ఉపరకం ఉంది. దానికి ట్రెటినోయిన్ మాత్రలు, ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ఇంజెక్షన్లతోనే చాలామంది కోలుకుంటారు కాబట్టి ఇమ్యునోథెరపీ వెతుకుతూ ఆ చికిత్సను ఆలస్యం చేయకండి.

తరచుగా జరిగే పొరపాటు: జబ్బు తిరగబెట్టినప్పుడు కూడా రెండేళ్ల కిందటి రిపోర్టునే చూపించడం. తిరగబెట్టిన కణాల మీద గుర్తులు మారిపోయి ఉండవచ్చు, ముఖ్యంగా సీడీ19 మందు ఒకసారి వాడిన తరువాత. కొత్త బోన్ మ్యారో మీద కొత్తగా ఫ్లో సైటోమెట్రీ చేయించకుండా ఏ ఇమ్యునోథెరపీకీ ఒప్పుకోవద్దు.

ఇంకొక హెచ్చరిక. లుకేమియా అనుమానం ఉన్న మనిషికి జ్వరమనో, ఒళ్లు నొప్పులనో ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించకండి. లింఫోబ్లాస్టిక్ కణాలు స్టెరాయిడ్‌కు తాత్కాలికంగా తగ్గిపోతాయి కాబట్టి పరీక్షలో అసలు జబ్బు మరుగున పడుతుంది. ఇప్పటికే వేయించి ఉంటే డాక్టరుతో దాచకుండా చెప్పండి.

2. మీ గుర్తుకు సరిపోయే చికిత్స ఏదో తెలుసుకోండి

బ్లినటుమోమాబ్ సీడీ19 ఉన్న బి-ఏఎల్ఎల్‌కు ఇస్తారు. ఈ మందు ఒక కొసతో క్యాన్సర్ కణం మీది సీడీ19ను, రెండో కొసతో టీ-కణం మీది సీడీ3ను పట్టుకుని రెండిటినీ దగ్గరకు చేరుస్తుంది. అమెరికాలో 2014 డిసెంబరులో, తిరగబెట్టిన జబ్బుకు తొలి అనుమతి వచ్చింది. 2018లో ఎంఆర్‌డీ మిగిలినవారికి, 2024లో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ (ఒక జన్యు మార్పు) లేనివారిలో జబ్బు అదుపులోకి వచ్చాక ఇచ్చే చికిత్సలో భాగంగానూ అనుమతించారు.

ఇనోటుజుమాబ్ ఓజోగామైసిన్ సీడీ22 ఉన్నవారికి. ఇది కాలేయంలోని సన్నని రక్తనాళాలను మూసివేసే ప్రమాదం ఉన్నందున, మూలకణ మార్పిడికి (బోన్ మ్యారో మార్పిడికి) వెళ్లబోయేవారు ఎన్ని సైకిళ్లు (విడతలు) తీసుకోవాలో ముందే అడగాలి.

రిటుక్సిమాబ్ సీడీ20 ఉన్న పెద్దవారికి కీమోతో కలిపి ఇస్తారు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీన్ని దేశీయంగా తయారుచేసి విడుదల చేసింది. ఇక్కడ చెప్పిన యాంటీబాడీ మందుల్లో సామాన్యులకు కాస్త అందుబాటులో ఉన్నది ఇదే. రక్తంలో హెపటైటిస్ బి దాగి ఉంటే ఈ మందుతో అది విజృంభించగలదు కాబట్టి ఆ పరీక్ష రిపోర్టు చేతికి రాకుండా మొదటి డోసు వేయించకండి.

కార్-టి చికిత్సలో రోగి టీ-కణాలనే బయటికి తీసి, సీడీ19ను గుర్తుపట్టేలా జన్యుమార్పు చేసి, తిరిగి ఎక్కిస్తారు. ఇలాంటి తొలి చికిత్సకు అమెరికాలో 2017 ఆగస్టులో అనుమతి లభించింది. అప్పట్లో దాని ధర 4,75,000 డాలర్లు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్ కృషితో రూపొందిన నెక్స్‌కార్19కు మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 15 ఏళ్లు, ఆ పైబడినవారిలో తిరగబెట్టిన లేదా లొంగని బి-కణ క్యాన్సర్లకు దాన్ని ఇస్తారు. ఖర్చు విదేశీ ధరతో పోలిస్తే చాలా తక్కువే అయినా అది పదుల లక్షల మాట. పిల్లవాడి వయసు 15 లోపు అయితే క్లినికల్ ట్రయల్ ఏదైనా ఉందా అని పిల్లల క్యాన్సర్ నిపుణుణ్ణి అడగండి.

సీడీ33 ఉన్న ఏఎంఎల్‌కు జెమ్టుజుమాబ్ ఓజోగామైసిన్ ఉంది. ఇక వీటన్నిటికంటే పాత ఇమ్యునోథెరపీ మూలకణ మార్పిడి. దాత నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు మిగిలిన లుకేమియాను వేటాడటం అందులోని బలం. ఏఎంఎల్ కుటుంబాలు కొత్త పేర్ల వెంట పడేకంటే, తోబుట్టువులకు హెచ్ఎల్ఏ (దాత కణాలు రోగికి సరిపోతాయో చూసే) పరీక్ష త్వరగా చేయించడం ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. ఒక్కో తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం. సరిపోకపోతే తల్లిదండ్రులు, పిల్లలు సగం సరిపోయే దాతలుగా పనికి వస్తారు.

ఈ జబ్బుకు తగిన చికిత్స కానివి కూడా తెలుసుకోండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఇచ్చే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటివి అక్యూట్ లుకేమియాకు ప్రామాణిక చికిత్స కావు. పక్క మంచం రోగికి పని చేసిందని మీరు అడగవద్దు. “ఇమ్యూనిటీ పెంచే” పొడులు, కషాయాలు అసలే కావు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు మన దేశంలోనే నమోదయ్యాయి. కాలేయం మీద భారం వేసే కీమో నడుస్తుండగా దాన్ని వాడటం ప్రమాదం.

3. కేంద్రాన్ని ఎంచుకోండి

వరంగల్ ఎంజీఎంలో రక్తపరీక్షలు, జ్వరానికి అత్యవసర చికిత్స పొందవచ్చు కానీ, ఈ చికిత్సల కోసం హైదరాబాద్ వెళ్లాలి. ప్రభుత్వ రంగంలో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. ప్రైవేటులోనూ మూలకణ మార్పిడి విభాగాలున్న ఆసుపత్రులు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా మూడు సంగతులు అడగండి: ఈ మందు ఇక్కడ ఇంతకుముందు ఇచ్చారా? టోసిలిజుమాబ్ (ఈ చికిత్సల తీవ్ర ప్రతిచర్యకు విరుగుడు మందు) ఆసుపత్రిలోనే నిల్వ ఉంటుందా? రాత్రిపూట ఐసీయూలో ఈ చికిత్స తెలిసిన డాక్టరు ఉంటారా? రెండో ప్రశ్నకు “అవసరమైతే బయటి నుంచి తెప్పిస్తాం” అని జవాబు వస్తే ఇంకో కేంద్రం చూసుకోండి.

4. డబ్బు దారులు చికిత్సకు ముందే తెరవండి

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే పరిమితి వేరు, పథకంలోని చికిత్సల జాబితా వేరు. మీ మందు జాబితాలో ఉందా, లేకపోతే ఆసుపత్రి బస, పరీక్షలు, కీమో అయినా అందులోకి వస్తాయా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను పేరుపేరునా అడిగి రాయించుకోండి. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్ఓసీ (ఆసుపత్రికి ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) కావాలంటే చికిత్సకు ముందే ఖర్చు అంచనా పత్రంతో ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి. బిల్లు కట్టిన తరువాత అడిగేది వేరే దరఖాస్తు. ప్రధానమంత్రి సహాయనిధికీ, కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రీయ ఆరోగ్య నిధికీ వేర్వేరు దరఖాస్తులుంటాయి. అర్హత సంగతి ఆసుపత్రి సోషల్ వర్కరు చెబుతారు.

క్లినికల్ ట్రయల్‌లో చేరితే పరిశోధన మందుకు మీ నుంచి డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ పేరుతో ఎవరైనా లక్షలు అడిగితే, అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా అని నంబరు అడగండి. సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించమనండి. కాజీపేట, వరంగల్ స్టేషన్ల నుంచి చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్లే ఒకరికీ రైలు ఛార్జీలో రాయితీ ఉంది. రైల్వే నమూనా పత్రం మీద ఆసుపత్రి సంతకం, ముద్ర ఉండాలి.

5. మొదలయ్యే ముందు ఈ పనులు ముగించండి

రక్తం విషయం ముందుగా. మూలకణ మార్పిడికి వెళ్లే అవకాశం ఉన్న రోగికి తల్లిదండ్రుల, తోబుట్టువుల రక్తం నేరుగా ఎక్కించకూడదు. వారి రక్తం వల్ల రోగి శరీరంలో యాంటీబాడీలు పుట్టి, రేపు వారే దాతలైతే మార్పిడి విఫలం కావచ్చు. అరుదుగా ప్రాణాంతకమైన ప్రతిచర్య కూడా రావచ్చు. వారు బ్లడ్‌బ్యాంకులో బదులు రక్తం ఇవ్వవచ్చు. రోగికి ఎక్కించే సంచి మాత్రం బయటివారిదై ఉండాలి. ఫ్లుడారాబిన్ అనే కీమో మందు లేదా కార్-టి తీసుకునేవారికి ఇర్రేడియేషన్ చేసిన (రేడియేషన్ పట్టించిన) రక్తమే కావాలని కేసు షీటు మీద రాయించండి.

పెళ్లికాని యువకులైతే వీర్యం భద్రపరచడం గురించి, యువతులైతే సంతాన నిపుణుల సలహా గురించి మొహమాటం లేకుండా అడగండి. మూర్ఛల చరిత్ర ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే ఈ మందులు మెదడు మీద ప్రభావం చూపగలవు. కార్-టి కోసం కణాలు తీసే రోజులకు ముందు డాక్టరు చెప్పకుండా ఏ స్టెరాయిడూ వాడకూడదు. అది టీ-కణాలనే దెబ్బతీస్తుంది.

6. చికిత్స రోజులు

బ్లినటుమోమాబ్ అయితే పంపు ద్వారా 28 రోజులు రాత్రింబవళ్లు ఆగకుండా ఎక్కుతుంది. తిరగబెట్టిన జబ్బుకు మొదటి సైకిల్లో తొలి 9 రోజులు, ఎంఆర్‌డీ కోసమైతే తొలి 3 రోజులు, రెండో సైకిల్లో తొలి 2 రోజులు ఆసుపత్రిలో ఉండాలన్నది తయారీదారు సూచన. మిగతా రోజులకు ఏటూరునాగారమో, మంథనో తిరిగి వెళ్లిపోకండి; పంపు ఆగితే గంటల్లో చేరగల దూరంలో, హైదరాబాద్‌లోనే గది తీసుకోండి. పంపు అలారం మోగితే మీరు బటన్లు నొక్కవద్దు, ఆసుపత్రికి ఫోన్ చేయండి. సంచి మార్చేటప్పుడు ఆ ట్యూబును సెలైనుతో ఫ్లష్ చేయకూడదు. ట్యూబులో ఉన్న మందు ఒక్కసారిగా లోపలికి పోయి ప్రమాదం తెస్తుంది. తెలియని నర్సు ఎవరైనా వస్తే గుర్తుచేయడానికి ఆ ట్యూబుకు తెలుగులో, ఇంగ్లీషులో రాసిన చీటీ అంటించమని అడగండి. అదే లైనులో వేరే మందులు ఎక్కించనివ్వకండి.

కార్-టి అయితే ముందుగా యంత్రం ద్వారా కణాలను వేరుచేస్తారు. తయారీకి వారాలు పడుతుంది. ఈ వ్యవధిలో జబ్బును అదుపులో ఉంచడానికి ఇచ్చే కీమోను “ఎలాగూ కార్-టి వస్తుంది కదా” అని ఎగ్గొట్టకండి. జబ్బు భారం తక్కువగా ఉన్నప్పుడు ఎక్కిస్తే ఫలితమూ మెరుగు, ప్రమాదమూ తక్కువ. తరువాత ఫ్లుడారాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి కణాలను ఎక్కిస్తారు. ఎక్కించడం కొద్దిసేపటి పని. అసలు జాగ్రత్త ఆ తరువాతి రెండు వారాల్లో. నెల రోజులపాటు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి.

7. నోటుబుక్కు: జ్వరం, రాత, మాట

రెండు ప్రమాదాలను అటెండెంటు అందరికంటే ముందు పసిగట్టగలరు. ఒకటి సైటోకైన్ల (రోగనిరోధక కణాలు విడుదల చేసే రసాయనాల) ఉప్పెన: జ్వరం, చలి, బీపీ పడిపోవడం, ఆయాసం. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే పారాసిటమాల్ మింగించి చూద్దామనుకోకుండా వెంటనే నర్సుకు చెప్పండి. మాత్ర వేస్తే అంకె దిగుతుంది, కారణం దాగిపోతుంది. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరమూ అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి రక్తం కల్చరుకు తీస్తారు, యాంటీబయాటిక్ కూడా మొదలుపెడతారు.

రెండోది మెదడు మీద ప్రభావం. దీన్ని పట్టుకోవడానికి డాక్టర్లు 10 మార్కుల చిన్న పరీక్ష వాడతారు. సంవత్సరం, నెల, ఊరు, ఆసుపత్రి పేరు చెబితే 4 మార్కులు. చూపించిన మూడు వస్తువుల పేర్లు చెబితే 3. “కళ్లు మూసుకుని నాలుక చాపండి” వంటి మాట వింటే 1. ఒక వాక్యం రాస్తే 1. వంద నుంచి పది చొప్పున వెనక్కి లెక్కపెడితే 1. చికిత్సకు ముందు రోజు ఒకసారి చేసి మార్కులు రాసి పెట్టుకోండి. ఆ తరువాత రోజూ ఉదయం, సాయంత్రం అదే నోటుబుక్కులో, అదే వాక్యం రాయించండి. “మా ఊరు వర్ధన్నపేట దగ్గర ఉంది” అన్నంత చిన్న వాక్యం చాలు. అక్షరాలు వణకడం, గుణింతాలు తప్పడం, గీత దాటి పోవడం మాట తడబడటానికి ముందే కనిపించవచ్చు. పక్కపక్క పేజీలు చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ మన ప్రాంతపు ఇబ్బందులు రెండున్నాయి. ప్రశ్నలను హిందీలోనో ఇంగ్లీషులోనో అడిగితే, భాష రాక తడబడినదాన్ని మెదడు తడబాటుగా, లేదా దానికి తలకిందులుగా పొరబడే ప్రమాదం ఉంది. కాబట్టి తెలుగులోనే అడిగి జవాబును మీరు అనువదించి చెప్పండి. పెద్దవారు నెల పేరు అడిగితే “శ్రావణం” అనవచ్చు, అది సరైన జవాబే. చదువు రానివారికి వాక్యం బదులు ఏం చేయించాలో మొదటి రోజే డాక్టరుతో ఒప్పందానికి రండి. రోజూ అదే నాలుగు చుక్కల ముగ్గు వేయించడం, నోట్లు లెక్కపెట్టించడం వంటివి పోల్చి చూడటానికి బాగా పనికి వస్తాయి. ఒక్క మార్కు తగ్గినా ఉదయం రౌండ్స్ దాకా ఆగకుండా చెప్పండి. త్వరగా చెబితే టోసిలిజుమాబ్, స్టెరాయిడ్ వంటి చికిత్సలు వేళకు అందుతాయి. చాలామందిలో ఈ తడబాటు పూర్తిగా తగ్గిపోతుంది.

8. ఫలితాన్ని సరిచూసుకోండి

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పెరిగాయని సంబరపడటం తొందరపాటు. బ్లినటుమోమాబ్ మొదటి సైకిల్ తరువాత, కార్-టి అయితే సుమారు 28వ రోజున, బోన్ మ్యారో తీస్తారు. బ్లాస్టులు (పూర్తిగా ఎదగని రక్తకణాలు) 5 శాతం లోపు ఉండటం మొదటి మెట్టు, ఎంఆర్‌డీ 0.01 శాతం లోపు, అంటే పది వేల కణాల్లో ఒకటి కంటే తక్కువ, ఉండటం రెండో మెట్టు.

రిపోర్టు నెగటివ్ అన్నా ఈ మూడు సంగతులు చూడండి. ఎంఆర్‌డీ నమూనా మజ్జ నుంచి మొదట లాగిన సిరంజిదేనా? తరువాత లాగిన వాటిలో రక్తం ఎక్కువగా కలిసి జబ్బు తక్కువగా కనిపిస్తుంది. నమూనా పలుచబడిందని, కణాలు చాలలేదని రిపోర్టు అడుగున రాసి ఉందా? ఉంటే ఆ నెగటివ్‌ను నమ్మవద్దు. రోగి సీడీ19 చికిత్స తీసుకున్నాడని ల్యాబుకు పంపిన ఫారంలో రాశారా? ల్యాబులు సాధారణంగా సీడీ19 ఆధారంగానే బి-కణాలను వెతుకుతాయి; ఆ గుర్తు కోల్పోయిన క్యాన్సర్ కణాలు ఉంటే అవి కంట పడకుండా పోతాయి. ఈ మూడోదాన్ని ఎక్కువమంది మరచిపోతారు కాబట్టి ఫారం నింపేటప్పుడు పక్కన నిలబడి రాయించండి.

ఎంఆర్‌డీ మిగిలి ఉంటే, కణాల మీద సీడీ19, సీడీ22 ఇంకా ఉన్నాయా అని అదే నమూనా మీద అడగండి. నెగటివ్ అయితే మూలకణ మార్పిడికి వెళ్లాలా, వద్దా అన్న నిర్ణయాన్ని వాయిదా వేయకండి.

9. ఇంటికి వచ్చాక

ఈ మందులు యాంటీబాడీలు తయారుచేసే మంచి బి-కణాలను కూడా తుడిచివేస్తాయి కాబట్టి ఇమ్యునోగ్లోబులిన్ (రక్తంలోని యాంటీబాడీల) స్థాయిని క్రమం తప్పకుండా పరీక్షించి, తగ్గి ఇన్ఫెక్షన్లు వస్తుంటే ఐవీఐజీ (నరం ద్వారా ఎక్కించే యాంటీబాడీలు) ఇస్తారు. కార్-టి తరువాత రక్తంలో బి-కణాలు కనిపించకపోవడం ఆ చికిత్స ఇంకా పని చేస్తోందనడానికి సూచన. మొదటి ఆరు నెలల్లోపే అవి తిరిగి కనిపిస్తే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. రోగికి బతికి ఉన్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలు వేయించకూడదు. ఇంట్లోవారు ఫ్లూ టీకా వేయించుకోవాలి. రక్తకణాలు తక్కువగా ఉన్న నెలల్లో మేడారం జాతర వంటి జనసమ్మర్దానికి రోగిని తీసుకెళ్లకండి. మొక్కును ఇంటివారెవరైనా చెల్లించి రావచ్చు. నిల్వ కూర, కల్లు, కడగని పండ్లు వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు పిరుదు మీద, భుజం మీద ఇంజెక్షన్లు వేయించవద్దు.

కార్-టి రోగికి ఆసుపత్రి ఇచ్చే కార్డును, చికిత్స తేదీ, డాక్టరు ఫోన్ నంబరు రాసిన కాగితాన్ని పర్సులో ఒకటి, ఇంటి గోడ మీద ఒకటి ఉంచండి. అర్ధరాత్రి జ్వరంతో ఎంజీఎంకో, దగ్గరి ఏరియా ఆసుపత్రికో వెళ్లవలసి వస్తే, ముందుగా ఆ కాగితం డ్యూటీ డాక్టరు చేతికి ఇచ్చి, స్టెరాయిడ్ వేసేముందు హైదరాబాద్ డాక్టరుతో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడమని అడగండి.